రంగు మీద బిగించిన బోల్టులు

హసన్‌పర్తి దాటగానే ముందు పోతున్న ఏదో బండి నుంచి బ్రేకు లైనర్లు మాడిన వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు కొమురన్న గుర్తొస్తాడు, వెంటనే చిరాకూ వస్తుంది. మనిషి పోయాడు గాని ఆ చిరాకు పోలేదు. మా వాడలో పాత డ్రైవరు ఆయన. నాకు పికప్ నడపడం నేర్పింది ఆయనే, నేర్పినన్నాళ్ళూ నా ప్రాణం తోడేసిందీ ఆయనే. బ్రేకు తొక్కితే తిట్టు, తొక్కకపోతే తిట్టు.

నేను అప్పు చేసి సొంత బండి కొన్న ఏడు, దసరా పూజకని అందరిలాగే చక్రాలకు, బోల్టులకు ఎర్రరంగు దట్టంగా వేయించాను. పండుగ వెళ్ళగానే పత్తి ఏరే ఆడవాళ్ళను పొద్దున్నే చేన్లకు చేర్చే పని దొరికింది. ఆ పని నిలిస్తేనే బండి నా చేతిలో నిలుస్తుంది. సరిగ్గా అప్పుడే బ్రేకు వేసినప్పుడల్లా వెనక చక్రంలో టకటకమని చప్పుడు మొదలైంది.

"బ్రేకే. ఇంకేం లేదు," అన్నాడు కొమురన్న, చూడకముందే. లైనర్లు మార్పించాడు. చప్పుడు పోలేదు. బ్రేకు ఆయిల్ మార్చి, పైపుల్లో చేరిన గాలి తీయించాడు. అయినా పోలేదు. ఇంకా గాలి ఉందని మళ్ళీ తీయించాడు. తప్పు ఒప్పుకోవడం ఆ వంశంలోనే లేదు.

మర్నాడు ఆడవాళ్ళంతా సద్దిగిన్నెలతో వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో కొమురన్న భార్య లచ్చవ్వ కూడా ఉంది. ఆయన మళ్ళీ జాకీ తెచ్చాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఇగ చాలు అన్నా! వీళ్ళు వేరే బండెక్కి పోతాండ్రు."

"పోనియ్. జర ఆగు. ఆ పానా ఇటియ్యి."

పానా అందుకోకముందే బోల్టు ఆయన వేళ్ళకే తిరిగింది. నిన్న నేను పానా మీదెక్కి తొక్కి బిగించిన బోల్టు అది! చక్రం విప్పితే సంగతి తెలిసింది. బోల్టు కూర్చునే చోట రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. నేను బిగించింది ఇనుము మీద కాదు, రంగు మీద. అది అరిగినకొద్దీ బోల్టు వదులై చక్రం టకటకలాడింది, ఇంకొంత దూరం పోతే ఊడిపోయేదే.

కొమురన్న లచ్చవ్వ వైపు చూశాడు. ఆయన తిట్టకపోయేసరికి నాకు భయమేసింది.

"నీ దసరా పాడుగాను, బండికి పెండ్లి జేసినవారా?" అన్నాడు చివరికి. నాలుగు చక్రాలూ విప్పించి రంగంతా నాచేతే గీకించాడు. సగం మంది విసుక్కుంటూ ఆటో ఎక్కారు. రైతు ఫోనులో కేకలు. ఆయనకు ఏదీ వినపడదు. బిగించాక కొంత దూరం పోయొచ్చి మళ్ళీ బిగించమన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు, "లచ్చీ, ఎక్కవే," అన్నాడు. ఆమె వెనకాలే తనూ ఎక్కి, ఆడవాళ్ళ మధ్య సద్దిగిన్నెల పక్కన చతికిలబడ్డాడు.

"ముందల కూసో అన్నా."

"నువ్వు నడుపు. ఈడ కూసుంటెనే బ్రేకు సంగతి ఎర్కైతది."

ఆ రోజు బ్రేకు తొక్కిన ప్రతిసారీ వెనక ఎవరెవరు ఉన్నారో పేరుపేరునా తలుచుకున్నాను. ఇప్పుడు నేను మనుషులను ఎక్కించుకోను, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి మాత్రమే వేసుకుపోతాను. కాస్త జోరు పెంచితే చాలు, ఆయన వెనక నుంచి గొణుగుతున్నట్టే ఉంటుంది. ఇక దిగిపో అన్నా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. పత్తి దించేసి ఖాళీ బండితో తిరిగి వస్తున్నా సరే, ఆయన దిగడు.