మాట్లాడని బటన్లు

సెనానూ ఒకచోట నిలిచే మనిషి కాదు. హో పట్నంలో ఆమెను ఎరిగినవాళ్లెవరిని అడిగినా ఇదే మాట చెబుతారు. పాలిటెక్నిక్ చదువయ్యాక బజారులో ఫోన్లు బాగుచేసింది, మందుల షాపుకో ప్రోగ్రాం రాసింది, కోళ్ల దాణా కొట్టుకో ప్రోగ్రాం రాసింది. రాసిందంటే సగం రాసింది. పని ఓ కొలిక్కి వస్తోందనగా, "అబ్బే, ఇది కాదు, వేరేదాంతో రాస్తే అదిరిపోతుంది" అని మొత్తం చెరిపి మళ్లీ మొదటికి తెచ్చేది. వాళ్లమ్మ మొక్కజొన్న పిండితో అక్‌ప్లే ముద్ద కలుపుతూ, "కాలుగాలిన పిల్లిని కన్నాను నేను" అని పొయ్యితో చెప్పుకునేది.

తప్పంతా పిల్లదేనని నేననను. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాయడం ఒక ఎత్తు, దానికి తెరమీద ఒక ముఖం పెట్టడం ఇంకో ఎత్తు. కిటికీలూ బటన్లూ గీసిపెట్టే రెడీమేడ్ కోడు మూటలు, లైబ్రరీలంటారు వాటిని, ఒకటా రెండా! టికింటర్ పైథాన్‌తోపాటే ఊరికే వస్తుంది, కానీ దాని వాలకం చూస్తే పాత సర్కారు ఆఫీసు గుర్తొస్తుంది. క్యూటీది దర్జా, పాత కంప్యూటర్ మీద పెడితే మాత్రం ఆయాసపడుతుంది. కివీ అచ్చంగా సోకులాడి. చపలచిత్తం మనిషిని తీసుకెళ్లి ఇలాంటి సంతలో వదిలితే ఇంకేముంది?

అలాంటి సెనానూ చేతిలో పడింది అఫివా పెద్దమ్మ బతుకు.

అఫివా మా ఊరి రేడియోలో శుక్రవారం పొద్దున పోయినవాళ్ల కబుర్లు చెబుతుంది. ఫలానా ఇంటి ఫలానా పెద్దాయన పోయారు, పిల్లలు వీళ్లు, శనివారం ఖననం, అందరూ రండి అని. ఆవిడ గొంతు విని పక్క ఊళ్లలో కూడా బళ్లు ఆపుకుంటారు. కబురు కింద ఆ ఇంటివాళ్లు కోరుకున్న శోకగీతమే మోగాలి. ఒకరింటి పాట ఇంకొకరికి పడిందా, చచ్చినవాణ్ణి మళ్లీ చంపినట్టే.

వెనకటి రోజుల్లో సీడీలున్నప్పుడు ఆవిడ పెట్టెల వరస చేత్తో తడిమి తీసేది. ఈమధ్య స్టేషనువాళ్లు కంప్యూటర్ పెట్టాక మౌసు పట్టుకోవాల్సి వచ్చింది. అంతే, చర్చి ఉపదేశి చావు కబురు కింద సారా కొట్టు డాన్సు పాట మోగింది! ఆ ఇంటివాళ్లు నల్లబట్టలతోనే స్టేషను మీదికి వచ్చారు.

"అమ్మా, వచ్చే శుక్రవారం నేనే వచ్చి పక్కన కూచుంటాను" అన్నాడు మేనేజరు గామేలి. "మళ్లీ పొరపాటు జరిగితే మాత్రం ఆ గంటసేపు కార్యక్రమం వేరేవాళ్లకిచ్చేస్తాను. ఏమీ అనుకోకండి."

"కళ్లు కాస్త మసకేశాయి నాయనా" అంది అఫివా. "బటన్లు పెద్దవి పెట్టించు చాలు."

ఆ గంట పోతే ఆవిడకి మిగిలేదేమీ లేదు. భర్త లేడు, పిల్లల్లేరు. ఊరంతా ఆవిడ గొంతునే చుట్టరికం చేసుకుంది.

ఆ పని గామేలి సెనానూకి అప్పజెప్పాడు. ఆమె ముందు టికింటర్‌తో పెద్ద బటన్లు చేసింది. పని చేసింది కూడా. మర్నాడు చూసుకుంటే సిగ్గేసింది. ఛీ, పెద్దమ్మకి ఇంత మొరటు సామానా! తీసేసి క్యూటీతో రాసింది. స్టేషను కంప్యూటర్ దాన్ని తెరవలేక మూలిగింది. అదీ తీసేసి కివీకి పోయింది. ఆహా, ఏం రంగులు! ఒక్కో ఇంటికి ఒక్కో రంగు, వేలెడు లావు అక్షరాలు, నొక్కితే మెరుపు. అన్నం మీద ధ్యాస లేదు, కూచుంటే కాలు ఊపడం ఆగదు. మూడు లైబ్రరీలు మారాయి గానీ, మసకంటే ఎంత మసక అని ఆవిణ్ణి ఒక్కసారి అడిగింది లేదు.

బుధవారం మధ్యాహ్నం స్టూడియోలో ప్రోగ్రాం తెరిచి, అఫివాని కుర్చీలో కూచోబెట్టి బల్ల దగ్గరికి జరిపింది.

"ఎలా ఉంది పెద్దమ్మా?"

"అబ్బో, ఎంత బాగుందే! ఆ రంగులూ అవీ... కళ్లకి హాయిగా ఉంది."

సెనానూ సంబరంగా తలెత్తి తెరవైపు చూసింది. తెర నల్లగా ఉంది. కుర్చీ తగిలి మానిటర్ తీగ ఊడిపోయి వేలాడుతోంది.

సెనానూ గబుక్కున వంగి తీగ అందుకుంది. ఆ చప్పుడుకి అఫివాకి సంగతి అర్థమైంది. తప్పు చేసి దొరికిపోయినదానిలా తల వంచుకుంది.

"బొమ్మ రాలేదా?" అంది మెల్లగా.

"తీగ ఊడింది పెద్దమ్మా. నీకు... అసలేం కనపడట్లేదా?"

"ఏడాదైంది. గామేలికి చెప్పకే తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

"ఏడాదిగా ఎలా నెట్టుకొస్తున్నావు?"

అఫివా సంచిలోంచి ఫోను తీసి ఇయర్‌ఫోన్ ఒకటి సెనానూ చెవిలో పెట్టింది. వేలు జరిపిన చోటల్లా ఫోను ఏముందో చదివి చెబుతోంది. చావు కబుర్లు కూడా దాంతోనే చదివించుకుని బట్టీపడుతోందట. ఈవిడ ఎప్పుడూ కీర్తనలు వింటుందని ఊరంతా అనుకుంటోందే, అదన్నమాట సంగతి!

"ఈ చిన్న ముక్క నాతో మాట్లాడుతుంది" అంది అఫివా. "నువ్వు ఇన్నాళ్లు చెక్కిన ఆ పెద్ద బొమ్మ మూగదేమే?"

సెనానూ కంప్యూటర్‌లో తెర చదివే ప్రోగ్రాం పెట్టి చూసింది. కివీ కిటికీ మీద అది నోరు విప్పలేదు. ఎలా విప్పుతుంది? కివీ తన బటన్లని తానే రంగులతో గీసుకుంటుంది. చదివేదానికి అక్కడ బటన్ ఉందనే తెలియదు. పాత టికింటర్ కిటికీ తెరిచింది. అదీ మూగే. సెనానూకి ఏడుపొచ్చింది, ఒళ్లు మండింది, తననే నాలుగు తిట్టుకుంది. ఇన్ని రోజులూ తన కళ్లకి నచ్చేది వెతుక్కుంది!

క్యూటీని ఈ కంప్యూటర్ ఎలాగూ మొయ్యలేదు. ఇక మిగిలింది ఆమె ఏనాడూ మొహం చూడని డబ్ల్యూఎక్స్ పైథాన్. అది సొంతంగా ఏమీ గీయదు, కంప్యూటర్ దగ్గరున్న మామూలు బటన్లనే అరువు తెచ్చి పెడుతుంది. అందుకే చదివే ప్రోగ్రాం వాటిని గుర్తుపడుతుంది. సెనానూ గురువారం రోజంతా కదలకుండా కూచుని రాసింది. బూడిద రంగు కిటికీ, బూడిద రంగు బటన్లు, చూడ్డానికి ఏడ్చినట్టుంది. సాయంత్రం అఫివా హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక బటన్ మీంచి ఇంకో బటన్ మీదికి జరిపే ట్యాబ్ మీట నొక్కింది.

నొక్కి, పకపకా నవ్వింది. "డోగ్బే ఇంటి పేరుని నమిలి ఉమ్మేసిందే! తెల్లోడి యాసా ఇది?"

"మార్చమంటావా పెద్దమ్మా? ఇంకో లైబ్రరీ ఉందట..."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను."

శుక్రవారం పొద్దున గామేలి చెప్పినట్టే వచ్చి పక్కన కూచున్నాడు. సెనానూ తలుపు దగ్గర నిలబడి గోళ్లు కొరుకుతోంది. మొదటి కబురు, టామక్లో ఇల్లు. పాట సరిగ్గా పడింది. రెండోది డోగ్బే ఇల్లు. అదీ పడింది. గామేలి చూపు మాత్రం తెరమీదా, ఆవిడ కళ్లమీదా మార్చి మార్చి తిరుగుతోంది.

పాట నడుస్తుండగా అఫివా మైకు ఆపింది. చెయ్యి చాచి, తడిమి, మానిటర్ మీట నొక్కేసింది. తెర నల్లబడింది.

"ఏంటమ్మా ఇది? ఆపేశారేం!" గామేలి లేచాడు.

"నాకు దాంతో పని లేదు నాయనా. ఏడాదిగా నాకు కళ్లు లేవు. దాచాను. ఇక దాచను. కూచో, అగ్బెన్యెగా ఇంటి పాట వెయ్యాలి."

మైకు తెరిచింది. పోయిన ముసలావిడ పేరు, ఆవిడ కన్నవాళ్ల పేర్లు, మనవల పేర్లు ఒక్కటీ తప్పకుండా చెప్పింది. ట్యాబ్ మీట మీద వేలు ఆగింది, చెవిలో యాస ఏదో కూసింది, అగ్బెన్యెగా ఇంటి పాట మోగింది. గామేలి నిలబడ్డవాడు నిలబడ్డట్టే విన్నాడు.

అంతా అయ్యాక, "ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబితే ఈ కుర్చీలో ఉండనిచ్చేవాడివా?"

అబద్ధమాడడానికి గామేలికి నోరు రాలేదు, పాపం. జేబులోంచి చావు కబుర్ల చీటీలు కొన్ని తీశాడు. కుర్చీ ఆవిడ పక్కకి లాక్కున్నాడు.

"వచ్చే శుక్రవారానివి ఇవి" అన్నాడు గొంతు సవరించుకుని. "నేను చదువుతాను, మీరు వినండి."

అతను చదువుతుంటే, సెనానూ నల్లబడ్డ మానిటర్ మళ్లీ వెలిగించి, కొత్త ఇళ్ల పేర్లు ఆ బూడిద రంగు బటన్లలోనే చేర్చసాగింది. ఇంకో లైబ్రరీ ఊసెత్తలేదు.