గన్ను మూతిలో కొబ్బరినీళ్లు

రాయగడలో మా మావయ్య రిపేరు షాపులో పనిచేసే రోజుల్లో కరెంటు పూటపూటకీ పోయేది. అందుకని మోటారు వైర్ల మీద వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ స్లీవులు బిగించడానికి, బండి బేటరీతో నడిచే వేడిగాలి గన్ను ఒకటి తయారుచేశాను. ఇస్త్రీపెట్టెలో కాలే తీగ మొత్తం చుడితే వెచ్చబడనే లేదు. పొట్టిగా కోస్తే ఎర్రబడింది గానీ బేటరీ చప్పున దిగిపోయేది. చివరికి కొంచెం పొడుగు తీగనే తీసుకుని, గాలి ప్రతి చుట్టుకీ తగిలేలా ఎడంగా సాగదీశాను. స్లీవు చక్కగా ముడుచుకుంది. దానికి నెల పట్టింది.

విశ్వకర్మ పూజనాడు మావయ్య పనిముట్లన్నిటికీ పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు గన్ను మూతిలో పోసేడు. వద్దు మావయ్యా అన్నాను.

"దేవుడికి సెప్పకుండా ఆడిస్తావేటిరా" అన్నాడు.

పక్క షాపులవాళ్లని పిలిచి, తనే స్విచ్చి నొక్కేడు. మాడిన బెల్లం కంపు కొట్టి, తీగ తెగిపోయింది.

"బేటరీతో వేడి రాదని నే ముందే సెప్పేను" అన్నాడు, కొబ్బరిముక్క నములుతూ.

వెనకాల బల్లమీద ఆయన కొత్త టీవీ ఉంది. దానికి దూరం నుంచే ఒక పువ్వు విసిరి ఊరుకున్నాడు. తడి తగిలితే పాడైపోద్దట.