వాగడూగు వద్దు

గురురాజ పుట్టగానే ఏడవలేదు. మంత్రసానిని ఎగాదిగా చూసి "ఇది ఏ ఊరు?" అని అడిగాడు. ఆదోని అని ఆమె చెప్పాక, అప్పుడు ఏడ్చాడు.

ఇది అబద్ధమనేవాళ్లు ఆదోని పత్తి యార్డుకు పోయి విచారించుకోవచ్చు. అక్కడ ఇంతకంటే పెద్దవి చెబుతారు. గురురాజ ఆ యార్డులో దళారి. పడమట బళ్లారి, తూర్పున కర్నూలు దాటి ఎరగడు. కానీ ఎక్కడ పసిబిడ్డ కేరుమన్నా, ఆ బిడ్డకు పెట్టమని భూమ్మీది ఏదో ఒక ఊరి పేరు పట్టుకుని హాజరవుతాడు. మధ్యాహ్నం హమాలీలు సద్ది విప్పుకునే వేళ పత్తి మూటల మీద ఒరిగి, ఫోన్‌లో మ్యాపు తెరిచి, చూపుడువేలితో దేశాలు తిరుగుతాడు.

"గురురాజన్నా, యాడుండావు?"

"లిస్బన్‌లో. సందు తప్పినా. ఉండు, మెయిన్ రోడ్డుకొచ్చి మాట్లాడతా."

ఒకసారి కాన్పుల వార్డు బయట ఇరుపక్షాల బంధువులూ పేరు కోసం గొంతులు పెంచుతుంటే, ఈయన నేరుగా తలుపులోకి తల దూర్చాడు. నర్సు హెప్సిబా అదిరిపడింది.

"అన్నా, ఇంకా బొడ్డు గూడా కొయ్యలేదు!"

"నీ పని నువ్వు కానీమ్మా. నేను పేరు సెప్పేసి పోతా. కోపెన్‌హేగన్."

హెప్సిబా కత్తెర పైకెత్తింది. అది ఎవరి కోసమో తేల్చుకునేదాకా ఆయన ఆగలేదు.

ఆస్పరిలో లారీ ఈరేష్ కొడుకు సంగతి ఇంకా ఘోరం. పిల్లవాడి తాతలిద్దరికీ పెళ్లి నాటి నుంచి మాటల్లేవు. నా పేరంటే నా పేరని పట్టు. గురురాజ మధ్యలో నిలబడి "టింబక్టు" అన్నాడు. ఒక తాత చెప్పు కోసం వెతికాడు. రెండో తాత వెతికి అందించాడు. ఇద్దరూ కలిసి ఈయన్ని బస్టాండు దాకా తరిమి, ఆయాసపడుతూ ఒకే బండి దగ్గర టీ తాగి ఇంటికొచ్చారు.

ఇలాంటి మనిషి హర్షిణికి పెద్దమామ అయ్యాడు. హర్షిణిది ఎమ్మిగనూరు. గురురాజ తమ్ముడి కొడుకు దీపక్‌ను చేసుకుంది. పుట్టింట్లో ఆడపిల్లను కన్నది మొదలు ఆమెకు నిద్ర కరువైంది. బిడ్డ వల్ల కాదు, పేరు వల్ల. అత్త నాగరత్నమ్మ తన అత్తగారి పేరు గౌరమ్మ అని పెట్టాలంటుంది. హర్షిణి అన్న మారుతి తమ అవ్వ శాంతమ్మ పేరే పెట్టాలంటాడు. దీపక్ ఇద్దరికీ తల ఊపుతాడు. కన్నతల్లిని మాత్రం ఎవరూ అడగలేదు.

నామకరణం ముందురోజు బిడ్డను చూడడానికి వచ్చిన గురురాజ అడిగాడు.

"నీ మనసులో ఏముందమ్మా?"

హర్షిణికి కాలువ గుర్తొచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు తిన్నదేదీ ఇమడక, సాయంత్రాలు ఊరి బయట కాలువ గట్టున కూర్చునేది. బిడ్డ మొదటిసారి కదిలింది అక్కడే. కాలువలో పారేది తుంగభద్ర నీళ్లు.

"భద్ర అని పెట్టాలనుంది పెద్దమామా. సెప్తే మా అత్త గొడవ సేస్తుంది. మా అన్న అలుగుతాడు."

ఆయన ముఖం ఆముదం తాగినట్టు పెట్టాడు. "భద్రా? ప్రపంచం ఇంత పెద్దదుంటే, ఇంటెనకాల కాలువేనా దొరికింది నీకు?" అని ఫోన్ తీసి ఏ ఖండానికో వెళ్లిపోయాడు. అనవసరంగా నోరు జారానని హర్షిణి ఆ రోజంతా తనను తాను తిట్టుకుంది.

మర్నాడు దీపక్ పళ్లెంలో పోసిన బియ్యం మీద ఉంగరం పట్టుకుని కూర్చున్నాడు. రాహుకాలం వస్తోందని పురోహితుడి తొందర.

"గౌరమ్మ అని రాయప్పా," అంది నాగరత్నమ్మ.

"శాంతమ్మ అని రాయి బావా," అన్నాడు మారుతి.

"మా అత్త పేరు లేకుంటే ఈ బిడ్డ మా గడప తొక్కేది లేదు!"

"తొక్కకుంటే మానె! మాకేం బరువా?"

ఒడిలో బిడ్డను హర్షిణి గట్టిగా పొదువుకుంది. కళ్లు నిండాయి. ఇక ఏ పేరైనా సరే, ఈ పూట గడిస్తే చాలనుకుంది. అప్పుడు లేచాడు గురురాజ.

"కొట్లాడొద్దండి. నేను తెచ్చినా పేరు. వాగడూగు."

పురోహితుడు రాహుకాలం సంగతే మరిచిపోయాడు.

"ఏందది బావా?" అంది నాగరత్నమ్మ నీరసంగా.

"బుర్కినా ఫాసోకు రాజధాని. పిలిచేకి ఎంత బాగుంటాదో సూడు. వాగడూగూ, బువ్వ తిందువు రా!"

"మామా, బళ్లో హాజరు పిలిచే టీచరు ఉద్యోగం ఇడిసిపెట్టి పోతుంది," అన్నాడు మారుతి.

"మారుతి సెప్పేది నిజం," అంది నాగరత్నమ్మ. ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

"పోనీ, ఉలాన్‌బాతర్?"

"వద్దు!" అన్నారిద్దరూ.

"తెగుసిగల్పా?"

"వద్దంటే వద్దు!"

"మీకు ఊర్లు పనికిరావా? నదులుండాయి. లింపోపో. ఏమ్మా హర్షిణీ, వీళ్లకు భూగోళం రాదు. నీకు తెలిసిన నది పేరేదన్నా ఉంటే నువ్వన్నా సెప్పు తల్లీ."

అందరూ హర్షిణి వైపు తిరిగారు. ఆమె తడబడుతూ అంది.

"భద్ర. మన తుంగభద్రలో భద్ర. ఆదోనోళ్లూ ఎమ్మిగనూరోళ్లూ తాగేది ఆ నీళ్లే గదత్తా."

నాగరత్నమ్మ మారుతిని చూసింది. మారుతి నాగరత్నమ్మను చూశాడు.

"లింపోపో కంటే లచ్చ రెట్లు మేలు," అంది ఆమె.

"రాయి బావా, రాయి! ఈయప్ప ఇంకో దేశం పోకముందే రాయి!" అని మారుతి దీపక్ చెయ్యి పట్టి బియ్యంలోకి దించాడు.

గురురాజ కండువా దులుపుకుని, "మీ కర్మ," అనేసి భోజనాల దగ్గరికి నడిచాడు.

బిడ్డను ఉయ్యాలలో వేశాక నాగరత్నమ్మా మారుతీ పక్కపక్కనే కూర్చుని, లింపోపో అనుకుంటూ పగలబడి నవ్వుతున్నారు. హర్షిణి వాళ్లను వింతగా చూస్తుంటే, గురురాజ భార్య ఇందిరమ్మ దగ్గరికొచ్చింది.

"మొన్న మా పక్కింటి మణిదీప్ కొడుకు నామకరణానికి పోయినాము. మీ పెద్దమామ ఒక్క ఊరి పేరన్నా ఎత్తలేదు. ఎందుకో తెల్సునా?"

"ఎందుకు?"

"ఆడ తగువే ల్యాదు. యార్డులో గూడా ఇదే కథ. రైతూ యాపారీ మొండికేసినారంటే, ఇద్దరికీ ఒళ్లుమండే రేటు ఒకటి సెప్తాడు. ఇద్దరూ కలిసి ఈయన్ని తిడతారు. తిట్టి తిట్టి వాళ్లే ఒక మాటకొస్తారు. ఆదోనంతా ఎతుకు, ఈయన సెప్పిన పేరు పెట్టుకున్న బిడ్డ ఒక్కటన్నా ఉండాదేమో!"

 హర్షిణి ఓళిగల తట్ట అందుకుని పంక్తిలోకి వెళ్లింది. గురురాజ విస్తట్లో రెండు వేసి, అవి మునిగేలా నెయ్యి పోసి, ఆయనకు మాత్రమే వినబడేలా అంది.

"పెద్దమామా, నాకు తెల్సిపోయింది. నా మాట నిలబెట్టేకే గదా, కావాలని ఆ పాడు పేర్లన్నీ సెప్పినావు?"

గురురాజ తలెత్తాడు. నిజంగానే నొచ్చుకున్నట్టు ఉంది ముఖం.

"పాడు పేర్లేంది? వాగడూగు బంగారట్లాంటి పేరు. మీకే తెలీదు."