మంచం మీద సినిమాకొచ్చిన పుల్లమ్మ

ఆ రోజుల్లో సినిమా ఊళ్లో ఉండేది కాదు, చుట్టంలాగా వచ్చి నాలుగు రోజులుండి పోయేది. రజాకార్ల గొడవ సద్దుమణిగి, జనం మళ్లీ పొద్దుగూకాక గడప దాటడం మొదలుపెట్టిన ఏడాది, సూర్యాపేటలో బస్సులు ఆగే చోటుకు అవతల ఖాళీ జాగాలో ఒక డేరా సినిమా వెలిసింది. అంతకుముందు మిర్యాలగూడలో ఆడింది. అక్కడి బియ్యం మిల్లులకు వడ్ల బండ్లు తోలుకుపోయినవాళ్లు ముందే వార్త మోసుకొచ్చారు. "ఇద్దరాడపిల్లల దోస్తానా కత. ఒక పిల్లకు రోగమొస్తది. మీసాలున్నోళ్లు గూడ ఏడుస్తున్నరు." ఆ ముక్క చాలు. ఏడిపించే సినిమా అంటే మా వాడలోని ఆడవాళ్లకు పెళ్లిభోజనంతో సమానం. (మా అమ్మయితే ఒక పాత చీర చింపి, ఇంట్లో అందరికీ తలో ముక్క ముందుగానే పంచిపెట్టింది.)

నా ప్రాణస్నేహితురాలు పుల్లమ్మ. అసలు పేరు వేరే. పుల్లలా ఉండేది కాబట్టి బడిలో అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆ ఎండాకాలంలో దాని ఒంటికి నీరు పట్టింది. ముందు కళ్ల కింద, తర్వాత కాళ్లు, చివరికి మనిషంతా ఉబ్బిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. హకీం సాబు చూసి ఉప్పు బంద్ అన్నాడు, నడక బంద్ అన్నాడు. చిక్కేమిటంటే, చూసినవాళ్లెవరూ అది జబ్బని నమ్మేవాళ్లు కాదు. దారినపోయే ముసలమ్మలు అరుగు మీద పడుకున్న దాని బుగ్గలు పుణికి, "పిల్ల మంచిగ ఒళ్లు జేసింది, ఏం బెడుతున్నవ్ బిడ్డా?" అని వాళ్లమ్మను అడిగేవాళ్లు. ఆ తల్లి లోపలికెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. పుల్లమ్మ మాత్రం, "ఉప్పులేని గంజి, అవ్వా. నువ్వు గూడ తాగు, ఎట్ల లావైతవో సూడు" అనేది. పైగా వాళ్ల నాన్నది మిరపకాయ బజ్జీల హోటలు, అదీ ఇంటి ముందుభాగంలోనే. పొద్దంతా ఆ వాసన మధ్య చప్పిడి గంజి తాగుతూ, మంచంలోంచే "నాయినా, ఈ వాయిల ఉప్పు తక్కువైంది" అని కేకేసేది. ఆయన ఒకటి నోట్లో వేసుకుని చూస్తే నిజంగానే తక్కువై ఉండేది. (ఉప్పుకు వాసన ఉంటుందా అని నన్నడక్కండి. దానికి తెలిసేది, అంతే.)

నేను మా చిన్నత్తతో కలిసి మొదటి రోజే సినిమా చూసొచ్చాను. "కత ఆఖరు దానికి జెప్పకు" అని అమ్మ నా చెవి పట్టుకుని మరీ చెప్పింది. మరునాడు పుల్లమ్మ మంచం పట్టె మీద కూర్చుని కథ మొదలుపెట్టాను. ఇద్దరు స్నేహితురాళ్లు కాలువలో ఆడుకోవడం, దొంగ జామకాయలు, చిన్నదానికి జ్వరం రావడం, అన్నీ చెప్పాను. "మరి రోగమొచ్చిన పిల్ల ఏమైంది?" అనడిగింది. "మంచిగైంది" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, నోరు అమ్మ మాట వింది, కళ్లు వినలేదు. బావురుమన్నాను. పుల్లమ్మ తన లంగా అంచుతో నా ముక్కు తుడిచి, "ఊకో, ఏడుపుగొట్టుదానా. గామె సచ్చిపోయిందని చెప్తె నేనేమన్న సస్తనా?" అంది. మంచం మీద ఉన్నది అది, ఓదార్పు నాకు! ఆపైన ఒక్క క్షణం పైకప్పు వంక చూసి, "ఎట్ల సచ్చిందో నేను జూడాలె" అంది.

ఇంట్లో ససేమిరా అన్నారు. పుల్లమ్మ గంజి గిన్నె పక్కకు నెట్టేసి నిరాహారదీక్షకు దిగింది. సాయంత్రానికి హకీం సాబు వచ్చి నాడి చూసి, వాళ్ల నాన్నతో, "పిల్లను ఏడిపిస్తెనే ఆయాసం ఎక్కువైతది. పండుకోబెట్టి తీస్కపో, పండుకోబెట్టి తీస్కరా. జర ఖుషీ చెయ్" అన్నాడు. ఆయన మాటను వాళ్ల నాన్న అక్షరాలా పాటించాడు. మర్నాడు పొద్దుగూకే వేళకు, పుల్లమ్మ పడుకున్న మంచాన్ని అలాగే ఎత్తి, నలుగురు మనుషులు భుజాల మీద పెట్టుకుని బజారు వెంట నడిచారు. ఎదురొచ్చినవాళ్లు పాపం చేతులు జోడించి పక్కకు తప్పుకుంటుంటే, మంచం మీది మనిషి లేచి కూర్చుని, "సినిమకు బోతున్న, పెద్దనాయినా!" అని చెయ్యి ఊపింది. ఒకాయన సైకిలు మీంచి పడ్డాడు.

డేరాలో ఆడవాళ్లవైపు, పక్క గుంజ దగ్గర మంచం దింపారు. ఆ సినిమా యంత్రం ఒక్కటే కావడంతో, ఒక రీలు అయిపోగానే ఆట ఆపి, లైటు వేసి, ఇంకోటి ఎక్కించేవాళ్లు. మొదటిసారి లైటు వెలగ్గానే ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి మంచాన్ని చూశారు. "గింత బొద్దుగున్నది, ఏం రోగమే దీనికి?" అంది ఒకామె. పుల్లమ్మ మోకాలి కింద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. పడిన గుంట పడినట్టే ఉంది. "అయ్యో నా తల్లీ!" అని బెంచీలు బెంచీలే మూలిగాయి. రెండోసారి లైటు వెలిగేసరికి, ఆ గుంట చూడ్డానికి వరస కట్టారు. నేను పక్కన నిలబడి, "తోసుకోకుండ్రి, తోసుకోకుండ్రి" అంటూ కాపలా కాశాను. (తెర మీది స్నేహితురాలు చేసిన సేవల్లో ఇదొక్కటి లేదు, నేనే కనిపెట్టాను.)

చివరికి ఆ ఘట్టం వచ్చింది. తెర మీది పిల్ల స్నేహితురాలి ఒళ్లో తల పెట్టుకుని పాట ఎత్తుకుంది. పల్లవి అయింది, చరణం అయింది, ఇంకో చరణం. డేరా అంతా ముక్కులు చీదుతోంది. నేను చీరముక్క పిండుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు పుల్లమ్మ, "గంత దమ్ము యాడికెల్లి వచ్చిందే ఆమెకు?" అంది. గట్టిగానే అంది. ఆడవాళ్లవైపు ఎవరో కిసుక్కుమన్నారు. అది పాకి మగవాళ్లవైపు చేరింది. చనిపోతున్న పిల్ల మూడో చరణం అందుకునేసరికి డేరా డేరాయే ఘొల్లుమంది.

మేనేజరు టార్చిలైటుతో పరుగెత్తుకొచ్చాడు. బెజవాడ వైపు మనిషి, పంచె మీద కోటు. "ఎవరమ్మా ఆ అరిచింది? ఏడవాల్సిన చోట నవ్విస్తే మా ఆట ఏమైపోవాలి?" అంటూ లైటు వేశాడు. వెలుతురు మంచం మీద పడింది. పుల్లమ్మ దిండును ఆనుకుని లేచింది. "తప్పయింది, సారూ. గానీ..." అని, ఊపిరి కోసం ఆగింది. "నాకు రెండు మాటలు... మాట్లాడితెనే... ఆయాసమొస్తది. అందుకే అడిగిన." నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అది నాలుగు మాటలు ఆగకుండా మాట్లాడలేకపోతోందని, రోజూ పక్కనే ఉండే నేను ఆ సాయంత్రమే గమనించాను. దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఈసారి వచ్చిన ఏడుపుకు చీరముక్క గుర్తుకు రాలేదు.

మేనేజరు టార్చి ఆర్పేసి, మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏం కావాలి తల్లీ నీకు?" అన్నాడు. "ఇగ ఈ సచ్చేది చాలు. వాళ్లు కాల్వల ఆడుకునేది మల్ల ఒక్కసారి ఎయ్యుండ్రి" అంది.

ఆయన వేశాడు. బయట రెండో ఆటకొచ్చిన జనం డేరా గుడ్డ లాగుతూ గోల చేస్తున్నా, మొదటి రీలు మళ్లీ ఎక్కించాడు. లోపలున్న ఒక్కరూ కదల్లేదు. ఇందాకే కన్నుమూసిన పిల్ల కాలువలోంచి పైకి లేచి, జడ విదిలించి, స్నేహితురాలి మొహాన నీళ్లు కొట్టింది. ఆడవాళ్లు చప్పట్లు చరిచారు. పుల్లమ్మ నవ్వుతూ చూస్తోంది. ఆ రాత్రి సూర్యాపేట జనం అంతా బతికున్న పిల్లను చూసుకుని ఇళ్లకు వెళ్లారు. (ఆ తర్వాత డేరా కోదాడ వెళ్తుంటే, "పాపను మా బండి మీద తీసుకెళ్తామండీ, ఈమె ఉంటే ఆట బాగా రక్తి కడుతుంది" అని మేనేజరు అడగడం, "నా బిడ్డేమన్న ఆడించే కోతా?" అని వాళ్లమ్మ బజ్జీల గరిటె ఎత్తడం వేరే సంగతి.)

డేరాతో కాదు గానీ, పుల్లమ్మ కోదాడకే వెళ్లింది. అక్కడ దాని అమ్మమ్మ ఇంటి దగ్గరకు కొత్తగా ఒక డాక్టరు వచ్చాడని తీసుకెళ్లారు. వానలన్నీ అక్కడే గడిచాయి. ఎప్పుడెలాంటి కబురొస్తుందోనని బస్సు హారను వినబడినప్పుడల్లా వీధిలోకి పరుగెత్తేదాన్ని. చలికాలం మొదట్లో మంచి కబురే వచ్చింది. నీరు తీసింది, వస్తున్నారు. ఇక నేను ఊరుకుంటానా? సినిమాలోలాగా చేతులు చాచి పరుగెత్తి వాటేసుకోవాలని వారం పాటు సాధన చేశాను. బస్సు ఆగింది. మునుపటి పుల్లలాంటి పుల్లమ్మ దిగింది. నేను చేతులు చాచాను, పరుగెత్తాను, ఎవరిదో కోళ్ల గంపకు కాలు తగిలి బోర్లా పడ్డాను. కోళ్లు ఎగిరాయి. మోకాలు చీరుకుపోయింది.

పుల్లమ్మ నడుచుకుంటూ వచ్చింది. వంగి నన్ను లేపి, నా చెయ్యి తన భుజం మీద వేసుకుంది. "గిదేందే, నేను మంచిగై వస్తె నువ్వు కుంటుతున్నవ్?" అంది. ఇంటిదాకా నన్ను మోసినంత పని చేసింది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది, ఒక్కసారి కూడా ఆగకుండా. నాకు నొప్పి తెలియలేదు. వాటేసుకోవడానికి అన్ని రోజులు సాధన చేసిన ఆ పిచ్చిపిల్లను తలుచుకుంటే ఇన్నేళ్లకూ నవ్వొస్తుంది. పిల్ల మంచిదే గానీ, ముందు చూసి నడవడం మాత్రం రాదు.