ఎల్ అక్షరం దాకా

ఈ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెరిస్తే ఇప్పటికీ గ్రీజు వాసన వస్తుంది. పెరంబూరు రైల్వే క్వార్టర్సులో, సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగాక, దీని చుట్టూ ఉండేవాళ్ళం ఇందరం: ఫిట్టరు నాయన, గుమాస్తా పరీక్షకు చదివే అక్క, మాటలు పైకి చదివే నేను, కిరసనాయిలు స్టవ్వు దగ్గర అమ్మ.

ఆ పరీక్షలో కష్టమైన ఇంగ్లీషు మాటలకు అర్థాలు అడుగుతారు. వయసు లెక్కన అక్కకు అదే ఆఖరి ఏడాది. నాయన తన పని పద్ధతే మాకూ పెట్టాడు: మొదటి పేజీ మొదటి మాటతో మొదలు, ఒక్కటీ వదలకూడదు, అక్క తడబడితే ఆ పేజీ మళ్ళీ పైనుంచి. ఎంత కడిగినా నలుపు వదలని ఆయన బొటనవేలు వరస వెంట దిగుతుంటే, వానలకు చెమ్మెక్కిన గోడకు ఆనుకుని అక్క కళ్ళు మూసుకుని అర్థాలు అప్పజెప్పేది. దీపావళి మురుకుల నూనె పొగలో కూడా చదువు ఆగలేదు.

"ఇంగో రెండు తినుమే," అనేది అమ్మ.

"వద్దుమా, ఈ పొద్దు నేను అబ్‌స్టీమియస్."

"అంటే ఏం రోగమే?"

"మితంగా తినేదిమా!"

పరీక్ష దగ్గరపడేసరికి మేము 'ఎల్' లో ఉన్నాం.

"నాయనా, కొంచెం దాటుకోని పోదామా?" అంది అక్క.

"ఒక బోల్టు ఇడిచిపెట్టి ఇంగోటి బిగిస్తే బండి నడస్తాదా? వరసగానే రా తల్లీ."

అక్క కళ్ళు మూసుకుని తరవాతి మాటకు అర్థం చెప్పింది. పరీక్ష రాసి లోకల్ బండిలో తిరిగొచ్చి, గడప దగ్గర చెప్పులు విడుస్తూ, "సగానికి పైన 'ఎం' తరవాతవే నాయనా," అంది. నాయన చేతులు తుడుచుకున్న నూలు పీచుతోనే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఫలితాల్లో అక్క నంబరు లేదు.

ఇప్పుడు నాయన లేడు, ఆ క్వార్టర్సులో వేరేవాళ్ళున్నారు. అక్క పురసవాక్కం బట్టల కొట్లో రోజంతా నిలబడి, గిరాకీలు విప్పించి వద్దన్న చీరలు మడత పెడుతుంది. పోయిన వారం కొట్టు మూసే వేళ నేను ఊరికే "ఎలొక్వెంట్" అన్నాను. "చక్కగా మాట్లాడగల," అంది, మడత ఆపకుండానే. "పర్సివియర్" అన్నాను. అక్క చేతులు ఆగాయి.

"అది మనకు రాలేదు గదరా."

నిఘంటువులో 'పి' దగ్గర ఆ మాటకు 'పట్టు విడవకుండా సాగించు' అని ఉంది. మొత్తం తొమ్మిది వందల పన్నెండు పేజీలు. గ్రీజు మరకలు నాలుగు వందల డెబ్బై ఆరో పేజీ దాకా ఉన్నాయి.