సామేలు తాత మూడో పైపు

ముందుగా ఆరోగ్య శాఖ వారికి, మా చర్చి పెద్దలకు, ఉలి పట్టిన ప్రతి చేతికి శిరస్సు వంచి క్షమాపణలు. సిగరెట్ ముట్టని, మేకు కొట్టబోయి వేలు కొట్టుకునే ఒక ఐటీ ఉద్యోగి ఇప్పుడు పొగాకు పైపు తయారీ మీద ప్రసంగించబోతున్నాడు. దేశం భరించాలి.

మా చిన్నప్పుడు... మా తెలుగువాళ్ల రైల్వే పేట టికియాపారాలో ఆదివారం ఆరాధన అయ్యాక మాణిక్యం తాత వరండాలో కోర్టు కూర్చునేది. రైలు పెట్టెల్లో చెక్కపని చేసి రిటైరైన ముసలివాళ్లు నలుగురు... తాము చెక్కిన పైపులు తెచ్చి ఆయన ముందు పెట్టేవారు. నచ్చితే ఆయన తన పొగాకు అందులో కూరి ముట్టించేవాడు. నచ్చకపోతే పైపు తిరిగి చేతికి. అంతే తీర్పు. అప్పీలు లేదు.

మా సామేలు తాతవి రెండు అలా తిరిగొచ్చాయి. ఉద్యోగమంతా రైలు తలుపులు బిగించిన మనిషి, అరచేతిలో పట్టే చెక్క దగ్గర ఓడిపోయాడు. రెండోసారి ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మూడోదానికి గట్టి శీషం చెక్క ముక్క ఎంచాడు. పొగాకు కూరే గిన్నె తొలిచాక, పక్క నుంచి పొగ కన్నం వేయాలి... అది సరిగ్గా గిన్నె అడుగున కలవాలి. బరమా తిప్పుతూ తాత ఊపిరి బిగబట్టేవాడు. ఇంటిల్లిపాదీ బిగబట్టేవాళ్లం.

ఆదివారం వచ్చింది. మాణిక్యం తాత కన్నంలోకి చీపురుపుల్ల దూర్చాడు... గిన్నె అడుగునే తేలింది. బుగ్గకు రాసి నునుపు చూశాడు. మా తాత కాలివేళ్లు చెప్పుల్లో ముడుచుకుపోతున్నాయి. చివరికి మాణిక్యం తాత గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఓరి సామేలూ... లోపల కూడా వార్నిష్ పూసీసినావేటిరా?"

పక్కనున్న జోసెఫ్ తాత అందుకున్నాడు. "పెట్టి తలుపు అలవాటు బావా! రెండేపులా పూయకపోతే ఆడికి నిద్దరట్టదు!"

అందరూ పగలబడి నవ్వారు.

మా తాత పైపు అందుకుని గిన్నెలోకి చూశాడు... తర్వాత నా వైపు. "పొరపాటైపోనాది బావా. ఓ చాకియ్యి."

అక్కడే మెట్టు మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. గోడ పల్చబడకూడదు, కన్నం అంచు చెదరకూడదు. టీలు వచ్చాయి, చల్లారాయి... తాత తల ఎత్తలేదు. నవ్విన వాళ్లే ఒక్కొక్కరుగా వంగి చూడసాగారు. చివరికి లోపల పచ్చి చెక్క తేలింది, గీత కూడా లేకుండా.

మాణిక్యం తాత మళ్లీ వాసన చూశాడు. మెల్లగా జేబులోంచి పొగాకు పొట్లం తీశాడు.

"అగ్గిపెట్టుందేటిరా?"

మా తాత తానే గీసి పట్టాడు... మూడో పుల్లకు పొగాకు అంటుకుంది.

ఇప్పుడు న్యూ టౌన్ ఆఫీసులో నా పనికి మెచ్చుకోలుగా పైకెత్తిన బొటనవేళ్ల బొమ్మలు వరసగా వస్తాయి... ఫైలు తెరవకుండానే. పుల్ల దూర్చి చూసేవాళ్లు, వాసన చూసి తిట్టేవాళ్లు ఏరీ? మీ పనిని అలా శ్రద్ధగా తిట్టినవాళ్లుంటే కింద రాయండి...

పోతే, ఆ పైపు తయారీలో నేను చేసిన పని ఒకటుంది. శనివారం తాత బయటివైపు వార్నిష్ పూసి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. మిగిలింది వృథా ఎందుకని లోపల పూసింది నేనే. మర్నాటికీ నా వేళ్ల జిగురు వదల్లేదు... ఇంటిదాకా తాత ఆ చెయ్యే పట్టుకుని నడిచాడు.