బురదమడి దారిలో నేనాడిన అబద్ధం

నా చిన్నప్పుడు నేను చాలా అబద్ధాలే ఆడాను. హోంవర్క్ గురించి ఆడినవీ, పళ్ళు తోముకోవడం గురించి ఆడినవీ ఎప్పుడో మరిచిపోయాను. మూడో తరగతిలో స్కూల్ బస్సులో ఆడిన ఒక అబద్ధం మాత్రం ఈ వయసులోనూ నన్ను వదల్లేదు.

అప్పుడు మేం జెర్సీ సిటీలో పద్నాలుగో అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా పొద్దున్నే ట్రైనెక్కి మన్‌హట్టన్ వెళ్ళిపోతే మళ్ళీ చీకటిపడే వేళకే ఇల్లు చేరేవారు. ఈలోగా నన్ను చూసుకున్నది మా పక్కింటి ఆంటీ. కొత్తగా పెళ్ళయి గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. అక్కడ కాలేజీలో లెక్కలు చెప్పేదట. ఇక్కడ డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చేయకూడదు. ఆ చదువంతా నా మీద ప్రయోగించేది. నేను స్కూల్లో నేర్చుకున్న భాగహారం కంటే ఆవిడ వంటింటి గట్టు మీద కందిపప్పు గింజలు పేర్చి నేర్పిన భాగహారమే నాకు వంటబట్టింది.

ఆ మే నెలలో స్కూలువాళ్ళు మమ్మల్ని ఒక పాత సాగునేల చూడటానికి తీసుకెళ్తామన్నారు. దక్షిణాన పైన్ అడవుల మధ్య ఒక బురదనేల ఉంది. వందల ఏళ్ళ కిందట అక్కడి ఆదివాసులు ఆ బురదలోనే ఒకరకం నీటిదుంప పండించుకునేవారట. తవ్వి చూస్తే పాత మళ్ళ గట్లు బయటపడ్డాయట. తోడు రావడానికి పెద్దవాళ్ళు కావాలని కాగితం పంపారు. అమ్మకి లీవ్ దొరకలేదు. ఆంటీని అడిగితే సంతోషంతో ఆవిడ ముఖం చేటంతైంది. దేశానికి వచ్చి ఎనిమిది నెలలైనా ఆవిడ ఇండియన్ స్టోర్ దాటి వెళ్ళింది తక్కువ. టీచరుతో ఏం మాట్లాడాలో నాతోనే రెండు రోజులు ప్రాక్టీస్ చేసింది. "నీ లంచ్ బాక్స్ కూడా నా బ్యాగ్‌లోనే పెడతానే బుజ్జమ్మా, మనిద్దరం కలిసి తినేద్దాం" అంది. నాకూ సంతోషంగానే ఉండింది.

తీరా ఆ రోజు బస్సు దగ్గరికి వచ్చేసరికి నా సంతోషం ఆవిరైపోయింది. మిగతా అమ్మలంతా జీన్సుల్లో ఉన్నారు. మా ఆంటీ పసుపు పంజాబీ డ్రస్సు మీద అంకుల్ స్వెటర్ వేసుకుని, సాక్సు తొడుక్కుని, ఆ సాక్సు మీద చెప్పులు వేసుకుని వచ్చింది. టీచరుకి రెండు చేతులూ జోడించి, నేర్చుకున్న ఇంగ్లిషంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గబగబా బస్సెక్కి, మా క్లాసులో అందరూ స్నేహం చేయాలనుకునే పిల్ల పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల నన్ను పక్కన కూర్చోనివ్వడం ఆ వారమే మొదలైంది. ఆంటీ వచ్చి మా ముందు సీట్లో కూర్చుంది.

ఆ పిల్ల నా చెవి దగ్గరికి వంగి, ఆవిడ మీ అమ్మా అని అడిగింది. కాదన్నాను. అంతటితో ఆగి ఉంటే అది నిజమే అయ్యేది. మరి ఆవిడ నీకు తెలుసా అంది. తెలీదు, ఎవరో మరి, అన్నాను. రహస్యంగా చెప్పాననుకున్నాను గానీ ఎనిమిదేళ్ళ పిల్లల రహస్యాలు పది సీట్ల దాకా వినిపిస్తాయి. నావైపు తిరగబోతున్న ఆంటీ తల సగంలో ఆగి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. దారి పొడుగునా ఆవిడ మళ్ళీ వెనక్కి చూడలేదు.

దిగాక ఒక్కో పెద్దావిడకి ఐదుగురేసి పిల్లల్ని అప్పగించారు. నన్నూ ఆ పిల్లనీ ఆంటీ గుంపులోనే వేశారు. ఆవిడ కాగితం పట్టుకుని ఒక్కొక్కరి పేరూ అడిగి టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. నా దగ్గరికి వచ్చి, అందరినీ అడిగినట్టే, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంది. కళ్ళలో కోపం లేదు, వెక్కిరింపు లేదు. నా అబద్ధాన్ని నాకోసం తను కూడా ఆడుతోందని నాకు అర్థమైంది. పేరు చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బురదనేల మీద చెక్కలు పరిచిన బాట ఉంది. దాని మీద నడుస్తూ గైడు ఏవేవో చూపించింది. నాకు ఒక్కటీ తలకెక్కలేదు. నా బుర్రలో ఉన్నదల్లా లంచ్ బాక్స్. అది ఆంటీ బ్యాగులో ఉంది. ఎవరో తెలియని మనిషి బ్యాగులోంచి నా అన్నం ఎలా తీసుకుంటాను? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఎందుకు అంటుందో అప్పటిదాకా నాకు తెలియదు.

భోజనాల వేళ అందరూ తమ తమ సంచులు విప్పారు. నేను తేలు కుట్టిన దొంగలా బల్ల చివర కూర్చున్నాను. ఆంటీ రెండు స్టీలు బాక్సులూ తీసింది. పెద్దది బల్ల మధ్యలో పెట్టి, మూత తీసి, "టుడే ఐ కుక్ టూ మచ్. ప్లీజ్, ఎవ్రీబడీ టేస్ట్" అంది. నిమ్మకాయ పులిహోర. మా గుంపులో ఐదుగురికీ పేపర్ నాప్‌కిన్ల మీద వడ్డించింది. ఒకడు వాసన చూసి పక్కకి నెట్టేశాడు. ఇద్దరు మళ్ళీ అడిగారు. నా నాప్‌కిన్ మీద పెట్టేటప్పుడు మాత్రం మిరపకాయ ముక్కలు వేలితో ఏరి తీసేసింది. నాకు కారం పడదని ఆ బల్ల దగ్గర తెలిసింది ఆవిడ ఒక్కదానికే. ఆ ముద్దలు ఎలా మింగానో నాకే తెలుసు.

తర్వాత మమ్మల్ని చిన్న మడిలోకి దింపారు. పాత మళ్ళ పద్ధతిలోనే పిల్లల కోసం చేసిన బురదమడి అది. అందరికీ రబ్బరు బూట్లిచ్చి, చేమాకు లాంటి ఆకులున్న నీటిదుంప మొక్కలు తలా పది ఇచ్చి నాటమన్నారు. మేం నాటుకుంటూ ముందుకు నడిచాం. వెనక్కి చూస్తే నాటినవన్నీ మా బూట్ల కిందే పడి నలిగిపోయాయి. గట్టు మీద నిలబడ్డ ఆంటీ కాసేపు ఓర్చుకుంది. ఇక ఆగలేక చెప్పులు, సాక్సులు విప్పేసి, పైజామా మోకాళ్ళ దాకా మడిచి మడిలోకి దిగింది. "ప్లాంట్ ఫ్రంట్, లెగ్ బ్యాక్" అంటూ వంగి, టకటకా నాటుతూ వెనక్కి నడిచింది. ఆవిడ ముందు మొక్కలన్నీ వరసగా, నిటారుగా నిలబడ్డాయి. చిన్నప్పుడు ఊళ్ళో వరినాట్లు వేసిన చేతులు. గైడు నోరు తెరుచుకుని చూసి, ఇన్నేళ్ళుగా పిల్లల చేత నాటిస్తున్నాను, నాకిది తట్టనే లేదు, ఆ పాతకాలం వాళ్ళూ ఇలాగే వెనక్కి నడిచి ఉంటారు అంది. పిల్లలంతా ఆవిడ చుట్టూ చేరి వెనక్కి నడవడం మొదలుపెట్టారు.

నేను చేరలేదు. అందరూ ఆవిడ దగ్గరికి వెళ్ళగలిగారు, నాకే ముఖం చెల్లలేదు. ఒంటరిగా మూలకి నడిచాను. అక్కడ బురద లోతుగా ఉంది. ఒక కాలు మోకాలి దాకా దిగబడిపోయింది. గుంజిన కొద్దీ ఇంకా దిగింది. భయంతో నా నోట్లోంచి ఒకే మాట వచ్చింది.

"ఆంటీ! ఆంటీ, నా కాలు స్టక్ అయింది!"

ఆవిడ చేతిలో మొక్కలు వదిలేసి వచ్చింది. "కంగారు పడకమ్మా. గుంజకు. మడమ మెల్లిగా అటూ ఇటూ తిప్పు. బూటు పోతే పోయిందిలే, కాలు తీసుకో" అంది. నా చంకల కింద చేతులేసి పట్టుకుంది. బూటు బురదలోనే ఉండిపోయింది, నేను బయటికి వచ్చాను. అప్పటికే నా స్నేహితురాలు పక్కకి వచ్చి నిలబడింది. నీకు ఈవిడ తెలుసా, తెలీదన్నావుగా, అంది.

నేను నోరు తెరిచేలోగా ఆంటీ నవ్వి, "ఇన్ ఇండియా చిల్డ్రన్ కాల్ ఎవ్రీబడీ ఆంటీ" అంది.

అంత బురదలోనూ నన్ను కాపాడుతూనే ఉంది. నాకు ఏడుపు పొంగుకొచ్చింది. ఆవిడ స్వెటర్ గట్టిగా పట్టుకుని, లేదు, ఈవిడ మా ఆంటీ, రోజూ నాకు అన్నం పెడుతుంది, లెక్కలు నేర్పుతుంది, బస్సులో నేను అబద్ధం చెప్పాను అని అందరి ముందూ ఇంగ్లిషులో చెప్పేశాను. నా స్నేహితురాలు ఒక్క క్షణం చూసి, అయితే ఆ రైస్ నీకు రోజూ పెడతారా అని అడిగింది. నేను అంత భయపడిన సంగతి దూదిపింజలా తేలిపోవడానికి ఆ ఒక్క ప్రశ్న చాలింది.

తిరుగు ప్రయాణంలో ఆంటీ పక్కనే కూర్చున్నాను. ఇద్దరి కాళ్ళకీ బురద ఎండి తెల్లబడుతోంది. ధైర్యం చేసి అడిగాను.

"ఆంటీ, మీకు నా మీద కోపం రాలేదా?"

"ఎందుకు రాదే? వచ్చింది. ఏడుపూ వచ్చింది" అంది. "కానీ నీ బాక్స్ నా దగ్గరే ఉండిపోయింది కదా. ఇది ఆకలితో ఉంటుందే, ఎలా పెట్టాలా అని, దారంతా అదే ఆలోచన."

మా అమ్మకి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఏడాది తిరక్కుండానే ప్రాజెక్టు మారి వాళ్ళు టెక్సాస్ వెళ్ళిపోయారు. ఇప్పుడు నా వయసు అప్పటి ఆవిడ వయసుకి దాదాపు రెట్టింపు. ఆవిడంత మంచిదాన్ని కాలేకపోయాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు నేర్చుకున్నదాన్ని మాత్రం వీలైనంతవరకు వదలకుండా పట్టుకున్నాను.

మొన్న నా పదిహేనేళ్ళ కూతుర్ని స్కూల్ నుంచి తీసుకురావడానికి ఆఫీసు మీటింగ్ మధ్యలోంచి లేచి, నలిగిన చొక్కాతో, పాత కారులో వెళ్ళాను. ఎవరావిడ అని ఫ్రెండ్స్ అడిగితే, క్యాబ్ బుక్ చేశాను, డ్రైవర్ అని చెప్పింది. కారు అద్దం దించి ఉంది, నాకు వినిపించింది. అది వెనక డోరు తీసింది. "ఎక్కడికి వెళ్ళాలి మేడమ్?" అని ఇంగ్లిషులో అడిగాను. పిల్ల ముఖం పాలిపోయింది. ఎక్కి కూర్చుంది.

రెండు సిగ్నళ్ళు దాటాక వెనక సీట్లోంచి సన్నగా "సారీ అమ్మా" వినిపించింది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు మాత్రం, మధ్యాహ్నం ఏమైనా తిన్నావా అని అడిగాను.